ఇది ఏ కారో రాసి పెట్టండి: సినిమా కార్ల ప్రదర్శనల నిర్వాహకులకు బహిరంగ లేఖ

సినిమాల్లో వాడిన కార్లను, ప్రాప్స్‌ను (నటులు వాడే వస్తువులను) ఒకచోట చేర్చి జనానికి చూపించే మ్యూజియంల వారికి, చోటు మారుస్తూ ప్రదర్శనలు పెట్టే నిర్వాహకులకు, ఆ వస్తువులు వారికి అద్దెకిచ్చే కలెక్టర్లకు నమస్కారం.

మీరు చేసే పని మీద నాకు చాలా గౌరవం ఉంది. షూటింగ్ అయిపోగానే సెట్టు పీకేయడం, సామాను అమ్మేయడం, మిగిలింది పారేయడం సినిమా వాళ్లకు మామూలే. వాళ్లకు తర్వాతి సినిమా పని ఉంటుంది. అలా పోయినవాటిని వెతికి, కొని, బాగు చేయించి మా ముందు నిలబెడుతున్నది మీరు. అందుకే ఈ ఉత్తరం మీకు రాస్తున్నాను. అడిగేది ఒక్కటే. ప్రతి కారు ముందు, ప్రతి వస్తువు పక్కన, అది నిజంగా ఏమిటో ఉన్నది ఉన్నట్టు రాసి పెట్టండి. కెమెరా ముందుకు వచ్చిందా, స్టంట్లకు వాడారా, పబ్లిసిటీ కోసం చేయించారా, సినిమా హిట్టయ్యాక ఎవరైనా అభిమాని తయారు చేసుకున్నదా? ఈ సంగతి మాకు చెప్పండి.

ఈమధ్య చూసిన ఒక ప్రదర్శనలో బోర్డులన్నీ ఒకే తీరుగా ఉన్నాయి. సినిమా పేరు, విడుదలైన సంవత్సరం, కారు మోడల్, ఇంజన్ వివరాలు, అంతే. ఎక్కువ గుంపు టైం మెషీన్ కారు దగ్గరే ఉంది. ఏడెనిమిదేళ్ల పిల్లాడొకడు తండ్రి చెయ్యి లాగి "నాన్నా, సినిమాలో ఉన్నది ఇదేనా?" అని అడిగాడు. ఆయన బోర్డంతా చదివాడు. దాంట్లో జవాబు లేదు. పక్కన నిలబడ్డ గైడును అడిగితే ఆ అమ్మాయి "అవునండీ, అదే" అంది. నేను తాడు దగ్గర కూర్చుని కాసేపు పరీక్షగా చూశాను. తలుపు రెక్కలా పైకి లేచి ఉంది కాబట్టి లోపల బాగానే కనిపించింది. సీట్ల వెనక నుంచి వచ్చిన వైర్లన్నీ కొత్త ప్లాస్టిక్ క్లిప్పులతో వరసగా బిగించి ఉన్నాయి. స్విచ్‌ల కింద అంటించిన లేబుళ్ల మీద ఒక్క గీత లేదు. గడప దగ్గర, అంటే ఎక్కేటప్పుడు దిగేటప్పుడు కాలు తగిలే చోట, స్టీలు అద్దంలా మెరుస్తోంది. నెలల తరబడి షూటింగులో నలిగిన కారుకు ఆ చోట గీతలు పడకుండా ఉండవు. అది ఎవరో ఎంతో శ్రద్ధగా చేసిన నకలు.

తప్పు ఆ అమ్మాయిది కాదు. ఆమెకు ఎవరూ చెప్పలేదు, ఆమె బోర్డు మీద ఉన్నంతే చదువుకుంది. నకలు పెట్టడం కూడా తప్పేమీ కాదు. నన్ను బాధపెట్టింది ఆ పిల్లాడి ప్రశ్న. సినిమా కారు ముందు నిలబడ్డ ప్రతి మనిషీ మొదట అడిగేది ఆ ప్రశ్నే. దానికి జవాబు చెప్పకుండా ఎన్ని హార్స్‌పవరో చెప్పి ఏం లాభం?

జవాబు కొంచెం పెద్దదే. తెర మీద మనకు కనిపించేది ఒక్క కారే అయినా దాని వెనక చాలా కార్లుంటాయి. దగ్గరి షాట్ల కోసం అన్ని వివరాలతో తయారు చేసేది ఒకటి, యూనిట్‌లో దాన్ని హీరో కార్ అంటారు. ఎగరడానికి, గుద్దుకోవడానికి, గిరగిరా తిరగడానికి స్టంట్ కార్లు వేరే. లోపల కూర్చున్న నటుల ముఖాలు తీయాలంటే కెమెరాకు చోటు కావాలి కాబట్టి ఇంకో కారును కోసేస్తారు. 1985లో వచ్చిన 'బ్యాక్ టు ది ఫ్యూచర్'లోని టైం మెషీన్ కోసం మూడు డెలోరియన్ కార్లు తీసుకున్నారు. వాటిని ఏ, బీ, సీ అని పిలిచేవారు. ఏ కారు దగ్గరి షాట్లకు, బీ కారు స్టంట్లకు పనికొచ్చాయి. సీ కారును కోసి లోపలి షాట్లు తీశారు. ఈ మూడింటిలో సినిమా కారు ఏది? మూడూ అవే. అయినా మూడింటి కథా వేరు, నేను వినాలనుకునేది ఆ కథ. కోసేసిన సీ కారు లాంటిది ఎదురుగా పెట్టి, కెమెరా ఎక్కడ పెట్టారో, నటుడు ఎటు చూశాడో ఒక చిన్న బొమ్మ గీసి చూపిస్తే సినిమా ఎలా తీస్తారో పిల్లలకు ఒక్క నిమిషంలో అర్థమైపోతుంది.

1979లో మొదలైన 'ద డ్యూక్స్ ఆఫ్ హజ్జర్డ్' అనే అమెరికన్ టీవీ సీరియల్‌లో నారింజ రంగు డాడ్జ్ చార్జర్ వాగులూ గుట్టలూ దూకుతూ ఉంటుంది. తెర మీద ఏమీ కానట్టు మళ్లీ పరుగు తీస్తుంది. నిజానికి అంత ఎత్తు నుంచి పడ్డ కారు ఫ్రేము వంగిపోయేది, మళ్లీ ఆ పనికి వచ్చేది కాదు. గాల్లో ముక్కు కిందికి వాలిపోకుండా డిక్కీలో బరువులు వేసేవారు. ఆ సీరియల్ ముగిసేలోపు దాదాపు 300 చార్జర్లు వాడారని లెక్క చెబుతారు. చివరికి మంచి చార్జర్లు దొరకడమే కష్టమై, కొన్ని దూకుళ్లకు చిన్న నమూనాలు వాడాల్సి వచ్చింది. ఆ నారింజ రంగు కారు పక్కన "ఒరిజినల్" అని ఒక్క ముక్క రాసి చేతులు దులుపుకుంటే ఇదంతా ఎక్కడికి పోయినట్టు? ఆ 300లో ఇది ఎన్నోది, దూకిందా, నిలబడి ఫొటోలకే పనికొచ్చిందా, ముందు భాగం ఎప్పుడైనా మార్చారా అన్నది చెబితేనే ఆ ఇనుముకు ప్రాణం వస్తుంది.

నీళ్లలోకి దూకి జలాంతర్గామిగా మారే తెల్ల లోటస్ ఎస్ప్రీ అందరికీ తెలుసు. 1977లో వచ్చిన బాండ్ సినిమా 'ద స్పై హూ లవ్డ్ మీ'లోది. తెర మీద ఒకే కారు నేల నుంచి నీళ్లలోకి వెళ్లినట్టుంటుంది. తీసినప్పుడు ఒక్కో షాటుకు ఒక్కో బాడీ వాడారు. నీళ్లలో నిజంగా కదిలింది మాత్రం ఒక్కటే. దాని లోపలికి నీళ్లు నిండిపోయేవి, నడిపింది గాలి సిలిండర్లు కట్టుకున్న డైవర్లు. సినిమా అయ్యాక దాన్ని న్యూయార్క్ దగ్గర లాంగ్ ఐలాండ్‌లో ఒక స్టోరేజీ గదిలో పడేశారు, పదేళ్ల అద్దె ముందే కట్టి. గడువు తీరాక, 1989లో ఆ గదిలోని సరుకును లోపల ఏముందో చూడకుండానే 100 డాలర్ల దాకా ఇచ్చి కొనుక్కున్నారు. అదే 2013లో లండన్ వేలంలో 6,16,000 పౌండ్లు పలికింది. ఇంత కథ ఉన్న వస్తువు గురించి బోర్డు మీద "బాండ్ వాడిన నీటి కారు" అని రాసి ఊరుకుంటే చూసేవాళ్లకు ఎంత నష్టం!

చెబితే జనం నిరాశపడతారని మీలో కొందరి భయం. ఆ భయం నాకు అర్థమవుతుంది. టికెట్ కొని వచ్చినవాళ్లు "అయ్యో, ఇది అసలుది కాదా" అని మొహం చిన్నబుచ్చుకుంటే ఎవరికైనా కష్టమే. కానీ జరిగినవి చూస్తే ఆ భయానికి ఆధారం కనిపించదు. 1964 నాటి 'గోల్డ్‌ఫింగర్' ఆస్టన్ మార్టిన్ డీబీ5 సంగతే తీసుకోండి. షూటింగుకు వాడినవి రెండు. తర్వాత పబ్లిసిటీ కోసం అలాంటివే మరో రెండు సిద్ధం చేశారు. షూటింగుకు వాడినవాటిలో గాడ్జెట్లు బిగించిన కారు 1997లో ఫ్లోరిడాలో ఒక విమానాశ్రయం హ్యాంగరు నుంచి దొంగల పాలైంది. పబ్లిసిటీకి చేసినవాటిలో ఒకటి 2019లో కాలిఫోర్నియాలో వేలానికి వచ్చింది. అది దేనికోసం తయారైందో అమ్మేవాళ్లు దాచలేదు. అయినా దాదాపు 64 లక్షల డాలర్లకు అమ్ముడుపోయింది. అంత డబ్బు పోసి కొన్నవాళ్లకు లేని చిన్నచూపు, తాడు ఇవతల నిలబడి చూసే మాకు ఎందుకుంటుంది?

ఇంతకన్నా మంచి ఉదాహరణ ఒకటుంది. లాస్ ఏంజెలెస్‌లో 2021లో తెరిచిన అకాడమీ మ్యూజియంలో 'జాస్' సొరచేప పైనుంచి వేలాడుతూ ఉంటుంది. పొడవు 25 అడుగులు. 1975లో ఆ సినిమా కోసం చేసిన మూడు యంత్రపు సొరచేపలూ తర్వాత పాడైపోయాయి, ఒక్కటీ మిగల్లేదు. ఇప్పుడు వేలాడుతున్నది అదే అచ్చులో ఫైబర్‌గ్లాస్‌తో పోసిన నాలుగోది. సినిమా బ్రహ్మాండంగా ఆడాక, యూనివర్సల్ స్టూడియోకు వచ్చే జనం పక్కన నిలబడి ఫొటోలు తీసుకోవడానికి చేశారు. ఆ పని అయిపోయాక అది ఒక పాత సామాన్ల యార్డుకు చేరి, ఏళ్ల తరబడి ఎండకు ఎండి వానకు తడిసింది. ఆ తర్వాత మ్యూజియానికి అందితే, మేకప్, ప్రత్యేక ఎఫెక్టుల్లో పేరున్న గ్రెగ్ నికొటేరో దాన్ని బాగు చేశారు. ఇది సినిమాలో ఒక్క ఫ్రేములో కూడా లేదు. మ్యూజియం వాళ్లు ఈ కథను దాచకుండా, గర్వంగా చెప్పుకుంటారు. వచ్చినవాళ్లు దాన్ని చూడ్డానికే ఎగబడతారు. నిజం చెప్పినందుకు ఆ సొరచేప పొడవు ఒక్క అంగుళం తగ్గలేదు.

నకళ్ల గురించి ఇంకో మాట కూడా ఉంది, ఇది మీరు నిజంగా ఆలోచించాలి. నకలును నకలని చెప్పనంతకాలం దాని చుట్టూ తాడు కట్టక తప్పదు. అసలుదని నమ్మించాలి కాబట్టి ఎవర్నీ ముట్టుకోనివ్వరు. పిల్లలు మూడడుగుల దూరంలో నిలబడి మెడలు చాచి చూస్తుంటారు. చూపించడానికి లోపల ఏమీ పాతది లేదు, కాపాడడానికీ ఏమీ లేదు, అయినా తాడు మాత్రం ఉంటుంది. అదే "ఇది గత కొన్నేళ్లలో ఫలానావాళ్లు చేసిన నకలు" అని రాసేస్తే ఆ తాడు విప్పేయొచ్చు. పిల్లల్ని లోపల కూర్చోబెట్టవచ్చు. స్టీరింగు పట్టుకోనివ్వొచ్చు, స్విచ్ నొక్కితే లైటు వెలగనివ్వొచ్చు. చూపు లేనివాళ్లు ఆ రెక్కల్లాంటి తలుపులను చేత్తో తడిమి చూడొచ్చు. అసలు కారు ఏ రోజూ ఇవ్వలేని ఆనందం నకలు ఇస్తుంది.

ఇందులో కొత్త సంగతి కూడా ఏమీ లేదు. 1966 బ్యాట్‌మాన్ టీవీ సీరియల్ కోసం జార్జ్ బారిస్ బ్యాట్‌మొబీల్, అంటే బ్యాట్‌మాన్ నడిపే కారు తయారు చేశారు. దానికి ఆధారం 1955లో లింకన్ కంపెనీ కోసం ఇటలీలో ఘియా వాళ్లు చేతితో చేసిన ఫ్యూచురా అనే కాన్సెప్టు కారు, అంటే అమ్మకానికి కాకుండా చూపించడానికి చేసిన నమూనా. సీరియల్‌కు పేరొచ్చాక ప్రదర్శనలకు తిప్పడానికి అసలు కారు ఒక్కటే చాలలేదు. బారిస్ దాని నుంచి అచ్చులు తీసి ఫైబర్‌గ్లాస్‌తో నకళ్లు చేయించారు. ఫ్యూచురాతో చేసిన ఆ మొదటి కారు 2013లో వేలంలో 42 లక్షల డాలర్లు పలికింది, కమీషను కాకుండా. ఫైబర్‌గ్లాస్ కార్లకూ తమ చరిత్ర తమకుంది. ఆ రోజుల్లో కార్ల ప్రదర్శనలకు వచ్చిన ఎంతోమంది పిల్లలు చూసింది వాటినే. అవి నకళ్లేనని చెబితే వాటి విలువ పెరుగుతుందే తప్ప తగ్గదు.

ఇక బాగు చేయడం సంగతి. ఏం బాగు చేశారో, ఏం మార్చారో చెప్పకపోవడం నన్ను నకళ్లకన్నా ఎక్కువ ఇబ్బంది పెడుతుంది. 1968 నాటి 'బులిట్' సినిమాలో శాన్‌ఫ్రాన్సిస్కో వీధుల్లో పరుగులు పెట్టిన ఆకుపచ్చ మస్టాంగ్‌లు రెండు. హీరో కారు ఒక కుటుంబం చేతికి వచ్చి, వాళ్ల ఇంట్లో మామూలు వాడకం కారుగా తిరిగి, ఆ తర్వాత చాలా ఏళ్లు బయటి ప్రపంచానికి తెలియకుండా ఉండిపోయింది. 2018లో డెట్రాయిట్ ఆటో షోలో బయటపెట్టినప్పుడు దానికి కొత్త రంగు వేయలేదు. వెలిసిన పెయింటు, తుప్పు మరకలు, కెమెరా బిగించడానికి అడుగున వెల్డింగ్ చేసిన ముక్కలు అన్నీ అలాగే ఉన్నాయి. 2020లో వేలంలో అది 34 లక్షల డాలర్ల పాట పాడించుకుంది. ఆ వెల్డింగ్ ముక్కలే దాని జన్మపత్రం. ఎవరైనా ఉత్సాహంగా వాటిని గ్రైండరుతో చెక్కేసి నున్నగా పుట్టీ పెట్టి ఉంటే ఏమయ్యేది? రెండోది, అంటే స్టంట్లకు వాడినది, మెక్సికోలో ఒక తుక్కు యార్డులో దొరికింది.

ప్రతిదాన్నీ అలా వదిలేయాలని నేననను. డెలోరియన్లలో 'ఏ' అని పిలిచిన కారు యూనివర్సల్ స్టూడియోలో ఆరుబయట ఏళ్ల తరబడి నిలబడింది. ఎండకూ వానకూ పాడైంది. జ్ఞాపకం కోసమని ముక్కలు పీక్కుపోయినవాళ్లూ ఉన్నారు. దాన్ని అలాగే వదిలేస్తే మిగిలేది స్టీలు డొల్లే. అభిమానుల బృందం ఒకటి సినిమా ఫ్రేములు ఆపి ఆపి చూసుకుంటూ, ఏ భాగం ఏ కంపెనీదో పట్టుకుంటూ దాన్ని బాగు చేసింది. ఇప్పుడది లాస్ ఏంజెలెస్‌లోని పీటర్సన్ ఆటోమోటివ్ మ్యూజియంలో ఉంది. నా లెక్కలో మస్టాంగ్‌ను ముట్టుకోకపోవడం సరైనదే, డెలోరియన్‌ను బాగు చేయడమూ సరైనదే. రెండింటి విషయంలోనూ ఏం చేశారో అందరికీ తెలుసు కాబట్టి. మీ దగ్గరున్న కారుకు సీట్లు మార్చి ఉంటే మార్చామని రాయండి. పాత సీట్లు పారేయకుండా ఉంటే వాటిని పక్కన గాజు పెట్టెలో పెట్టండి, మేం ముందు వాటినే చూస్తాం.

చిన్న వస్తువుల దగ్గర ఈ విషయం ఇంకా సున్నితంగా ఉంటుంది. 1939లో వచ్చిన 'ద విజర్డ్ ఆఫ్ ఆజ్' సినిమాలో కథానాయిక తొడిగిన ఎర్ర బూట్లు ఒక్క జతే కాదు, చాలా జతలు చేశారు. ఒక జత 1979 నుంచి వాషింగ్టన్‌లోని స్మిత్‌సోనియన్ మ్యూజియంలో ఉంది. మరో జత 2005లో మిన్నెసోటాలో చోరీకి గురై, 2018లో ఎఫ్‌బీఐకి దొరికింది. దొరికిన బూట్లు అసలువో కావో తేల్చడానికి వాటిని స్మిత్‌సోనియన్ బూట్ల పక్కన పెట్టి చూశారు. అప్పుడొక చిత్రమైన సంగతి బయటపడింది. రెండు జతల్లో కుడీ ఎడమా తారుమారయ్యాయి. ఇక్కడి ఎడమది అక్కడి కుడిదానికి సరిజోడు. ఎనభై ఏళ్ల కిందటి సెట్టు మీద, ఎవరో హడావుడిలో కలిపేసి ఉంటారు. 2024 డిసెంబరులో ఆ దొరికిన జత వేలంలో కమీషనుతో కలిపి 3 కోట్ల 25 లక్షల డాలర్లకు వెళ్లింది. ఆ తారుమారు సంగతి చదివాకే ఆ బూట్లు నాకు నిజంగా మనుషులు తొడిగినవిగా అనిపించాయి.

ఆ బూట్ల మీది తళుకులు జెలటిన్‌తో చేసినవి. వెలుతురుకు వెలిసిపోతాయి, తేమకు పాడవుతాయి. ఇలాంటివాటి మీద 50 లక్స్‌కు (వెలుతురును కొలిచే ప్రమాణం) మించి కాంతి పడకుండా చూడటం మ్యూజియంలలో వాడుక. రబ్బరు నురగతో చేసిన ముఖాలు, చేతులు కూడా అంతే, కొన్నేళ్లకు గట్టిపడి పొడిపొడిగా రాలిపోతాయి. మీ ప్రదర్శనలో ఆ మూల ఎందుకంత చీకటిగా ఉందో మాకు తెలియదు. చూసేవాళ్లు "సరిగ్గా లైటు కూడా పెట్టలేదు" అని విసుక్కుని వెళ్లిపోతారు. "వెలుతురు ఎక్కువైతే ఇది పాడైపోతుంది, అందుకే తగ్గించాం" అని ఒక్క వాక్యం రాయండి, ఫ్లాష్ వేసేవాడు కూడా ఫోను జేబులో పెట్టుకుంటాడు.

తయారు చేసినవాళ్ల పేర్లు కూడా రాయండి. నటుల పేరు, దర్శకుడి పేరు పెద్ద అక్షరాల్లో ఉంటాయి. కారును గీసినవాడు, కోసినవాడు, అతికినవాడు ఎక్కడా ఉండరు. డీబీ5కు ఆ గాడ్జెట్లన్నీ బిగించింది జాన్ స్టియర్స్, ఆ సినిమాకు ప్రొడక్షన్ డిజైనర్ కెన్ ఆడమ్. డెలోరియన్ టైం మెషీన్ బొమ్మలు మొదట రాన్ కాబ్, తర్వాత ఆండ్రూ ప్రోబర్ట్ గీశారు. 1982 నాటి 'బ్లేడ్ రన్నర్' ఎగిరే కార్లను సిడ్ మీడ్ ఊహిస్తే, జీన్ విన్‌ఫీల్డ్ వర్క్‌షాపులో అవి నిజమైన కొలతల్లో తయారయ్యాయి. ఈ పేర్లు ఎవరూ చెప్పకపోతే చూసేవాళ్లకు ఎలా తెలుస్తాయి? వాళ్లు ఏ సామానుతో పని చేశారో చెబితే ఇంకా బాగుంటుంది. 1977 నాటి 'స్టార్ వార్స్'లో హీరో ల్యూక్ పట్టుకున్న లైట్‌సేబర్ (కాంతి కత్తి) పిడి, పాత గ్రాఫ్లెక్స్ కెమెరా ఫ్లాష్ పిడి. డెలోరియన్ వెనక చెత్త వేస్తే కరెంటు పుట్టించే యంత్రం, క్రుప్స్ కంపెనీ కాఫీ గింజల గ్రైండరు. చేతికందిన సామాన్లలోంచి భవిష్యత్తును తయారు చేశారు వాళ్లు. ఒక పిల్లకు ఇది తెలిస్తే ఇంటికెళ్లి తనూ ఏదో ఒకటి మొదలుపెడుతుంది.

2012 'స్కైఫాల్'లో డీబీ5 మంటల్లో పేలిపోతుంటే గుండె చివుక్కుమన్నవాళ్లు ఎందరో. అక్కడ పేలింది అసలు కొలతలో మూడో వంతుకు 3డి ప్రింటింగ్‌తో చేసిన నమూనా. అలాంటివి మూడు చేశారు. అరుదైన పాత కారు బతికిపోయింది. ఇలాంటి నమూనా మీ దగ్గరుంటే దాన్ని అసలు కారు పక్కనే పెట్టండి. చిన్నదని మూలన పెట్టొద్దు.

చిన్న చిన్నవి మరికొన్ని. కారు కింద అద్దాలు అమర్చండి, అడుగున ఉన్న వెల్డింగులు, కెమెరా బిగింపులు అప్పుడే కనిపిస్తాయి. బానెట్ తెరిచి పెట్టండి. కిటికీ ఎత్తు అందని పిల్లల కోసం ఒక మెట్టు, వీల్‌ఛైర్‌లో వచ్చేవాళ్లు లోపల చూసేందుకు వీలుగా ఒక పక్క తలుపు తీసి ఉంచండి. బోర్డు అక్షరాలు పెద్దవిగా ఉంటే పెద్దవాళ్లు కళ్లద్దాలు వెతుక్కోనక్కర్లేదు.

కలెక్టర్లకు ఒక మాట. మీ కారు ఎక్కడిదో రుజువు చేసేవి ఛాసిస్ నంబరు, స్టూడియో కాగితాలు, అమ్మకం రసీదులు. వాటి నకలు ఒకటి కారు పక్కన ఫ్రేములో పెట్టడానికి ఒప్పుకోండి. వాటిలో ఇంటి చిరునామాలు, సొంత వివరాలు ఉంటే కప్పేయండి. కాగితాలు లేని వస్తువుకు "సినిమాలో వాడినట్టు చెబుతారు, రుజువు దొరకలేదు" అని రాస్తే మీ పరువేమీ పోదు. రుజువులు తెచ్చి ఇచ్చేవాళ్లు చూసేవాళ్లలోనే ఉండొచ్చు. ఫ్రేము ఫ్రేమూ ఆపి చూసే అభిమానులకు ఏ గీత ఏ సీన్లో పడిందో మీకన్నా బాగా తెలుస్తుంది. వాళ్లు రాసిచ్చేందుకు ఒక పుస్తకం పెట్టండి.

బోర్డు ఎలా ఉండాలని మీరు అడగవచ్చు. పెద్ద వ్యాసం అక్కర్లేదు. "ఈ కారు సినిమాలో స్టంట్ల కోసం వాడినది. దగ్గరి షాట్లలో కనిపించేది ఇది కాదు. ముందు బంపరు, సీట్లు తర్వాత మార్చినవి, రంగు షూటింగు నాటిదే. తయారు చేసినవారు ఫలానా. రుజువు ఛాసిస్ నంబరు, స్టూడియో పత్రం." ఇంతే చాలు. నకలైతే "ఇది నకలు, చేసినవారు ఫలానా, మీరు ముట్టుకోవచ్చు" అని రాయండి.

వచ్చే ప్రదర్శన బోర్డులు ప్రింటుకు వెళ్లే ముందు ఒక్కసారి ఆలోచించండి. బోర్డులు అప్పటికే తయారైపోతే, కనీసం తలుపులు తెరిచే ముందు గైడ్లను ఒక పూట కూర్చోబెట్టి ఏ కారు ఏమిటో చెప్పండి. "ఇదేనా?" అని అడిగిన పిల్లలకు వాళ్లు ధైర్యంగా అవుననో కాదనో చెప్పగలగాలి, కాదంటే మరేమిటో కూడా చెప్పగలగాలి.

ఇట్లు,
మీ ప్రదర్శనలు ఎక్కడున్నా వెతుక్కుంటూ వచ్చే ఒక సినిమా అభిమాని